ఆపేదాకా బతికే గొంతు

3వ తేదీ, సోమవారం

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. తప్పులు కూడా చాలానే ఉంటాయి, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పొరపాటున ఇది ఎవరి కంట పడినా దస్తూరి చూసి నవ్వకండి, తప్పులు మన్నించండి. ఎవరూ చదవరన్న ధైర్యంతోనే రాస్తున్నాను. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం. అత్తయ్యకు చదువు రాదు. ఆయనకు కళ్ళు లేవు.

అలా రాయకూడదు. కళ్ళు ఉన్నాయి, చూపు లేదు. కంటి వెనక నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. పోయినేడాది మొదట్లో ఒక పక్క మసకేసింది. ఏడాది తిరిగేసరికి మొత్తం పోయింది.

శనివారం ఒక టీచరమ్మ వచ్చింది. చూపు లేనివాళ్ళకు కంప్యూటరు నేర్పుతుంది. ఆవిడకూ చూపు లేదు. కర్రతో తడుముకుంటూ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. ముందుగదిలో మా కంప్యూటరు మిషనులో ఒక గొంతును పెట్టి వెళ్ళింది. తెర మీద ఏముంటే అది చదువుతుంది. ఆడగొంతు. తడుముకోదు, సిగ్గుపడదు, దగ్గదు, మధ్యలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళదు.

అత్తయ్యకు తెగ నచ్చేసింది. "నోట్లో నాలుక లేని కోడలొకతి, నోరు తప్ప ఇంకేమీ లేని కోడలొకతి. ఇద్దర్నీ కలిపితే ఒక నిండు మనిషవుతుంది రా," అంది ఆయనతో. దానికి మాటకారి అని పేరు కూడా పెట్టింది.

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

4వ తేదీ, మంగళవారం

దర్జీ తన కంప్యూటరు మోసుకొచ్చాడు, బాగుచేయమని. చూపు పోయాక ఆయన ఇంట్లోనే ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తారు, చూసి చదివేది నేను. కుట్టుమిషనే నయం, తొక్కితే కదులుతుంది, దీన్ని తొక్కినా కదలదన్నాడు. మధ్యాహ్నం దాకా దాని పనే.

నేను తెర మీద నల్ల కిటికీ తెరిచాను, మీటలు కొట్టి మిషనుకు పని చెప్పేది. ఆయన పక్కన కూర్చుని చెవి నా నోటి దగ్గర పెట్టారు. లోపల ఏవేవి నడుస్తున్నాయో అక్షరం అక్షరం చదివాను. నాకు ఇంగ్లీషు మాటలు రావు, అక్షరాలే వచ్చు. నేను అక్షరాలు పేరిస్తే ఆయన మాట చేసుకుంటారు. వెనక నడిచే వాటిని సర్వీసులంటారు. ఈ పని నేర్పిన కొత్తలో ఆయన చెప్పారు: "వీటికి కిటికీ ఉండదు. తెర మీద కనపడవు. మిషను లేవగానే లేస్తాయి, అది పడుకునేదాకా పని చేస్తూనే ఉంటాయి. ఉన్నాయని కూడా ఎవరికీ తెలీదు." అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకన్నారు. ఏం లేదన్నాను.

మౌసుతో తీస్తే పైపైన పోయి మళ్ళీ మొలుస్తాయట. నల్ల కిటికీలో మాటతో చెప్పి తీస్తేనే వేరుతో సహా పోతాయట. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. పేరు రెండుసార్లు చదవాలి. అది ఏ ఫోల్డరులో ఉందో పైకి చదవాలి. ముందు ఆపాలి, ఆ తర్వాతే తీయాలి. అన్నీ కొట్టాక ఎంటర్ మీద వేలు పెట్టి ఉండాలి. ఆయన "ఊఁ" అన్నాకే నొక్కాలి.

ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఊఁ అనకముందు నొక్కలేదు.

దర్జీ మిషనులో పనికిమాలినవి చాలా తీశాం. సాయంత్రం వచ్చి చూసుకుని, గుర్రంలా పరిగెడుతోందన్నాడు. ఆయన నా వైపు చెయ్యి చూపించి, "నడిపింది ఈవిడ," అన్నారు. నేను లోపలికి వచ్చేశాను.

6వ తేదీ, గురువారం

పొద్దున్నుంచీ ఆయన మాటకారితోనే. నన్ను రెండుసార్లు పిలిచారు. ఒకసారి నీళ్ళకి, ఒకసారి ఫ్యాను తగ్గించమని.

8వ తేదీ, శనివారం

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఊళ్ళో మంచినీళ్ళ ఆఫీసులో ఉద్యోగం ఉందట. జనం ఫోను చేసి కుళాయి రాలేదనో పైపు పగిలిందనో చెప్తే, విని కంప్యూటరులో ఎక్కించడం. ఇరవయ్యో తారీఖు గురువారం ఆఫీసువాళ్ళు ఫోను చేసి పరీక్ష పెడతారట. మన మిషనులోనే, ఇంట్లోనే కూర్చుని చేయొచ్చట. పక్కన ఎవరూ ఉండకూడదట. తలుపు వేసుకోవాలట.

"నా కళ్ళు ఇంట్లోనే ఉన్నాయి కదండీ, వాటిని బయట పెట్టి తలుపేసుకోవాలా?" అన్నారు ఆయన నా గురించి, నవ్వుతూ.

"ఆవిడ కళ్ళు ఆవిడకి ఉండనివ్వండి. మీకు చెవులున్నాయి," అంది టీచరమ్మ.

ఆవిడ వెళ్ళాక మా మిషను శుభ్రం చేద్దామన్నారు. నేను చదువుకుంటూ వచ్చాను. ఒక పేరు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపారు. "అది ముట్టుకోకు. అది పోతే మాటకారి మళ్ళీ లేవదు. అది మన గొంతు."

మన గొంతు అన్నారు.

9వ తేదీ, ఆదివారం

చూపున్న రోజుల్లో ఆయన పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవారు. వచ్చి భోజనం చేసి, చెడిపోయిన రేడియోలా పడుకునేవారు. పెళ్ళయిన మొదటి ఏడాది మేం మాట్లాడుకున్నదంతా కలిపితే ఒక పేజీ ఉండదు. తప్పు ఆయనది కాదు. నాకూ నోరు పెగలదు.

తర్వాత పొద్దస్తమానం ఆయన చెవి నా నోటి దగ్గర ఉంది.

ఇలా అనుకోవడం పాపం. అనుకోవడం లేదు. ఊరికే రాశాను.

11వ తేదీ, మంగళవారం

ఇవాళ ఒక పొరపాటు జరిగింది.

ఆయన బయట మెట్టు మీద ఎండలో కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది. నేను ముందుగదిలో మిషను తుడుస్తున్నాను. నేను మిషను దగ్గరున్నప్పుడు మాటకారి నోరు నొక్కేస్తాం, స్పీకరు మీట తిప్పేసి, లేకపోతే ఇద్దరి గొంతులూ కలిసిపోతాయి. నల్ల కిటికీ తెరిచే ఉంది. మీటల మధ్య దుమ్ముంటే గుడ్డ పెట్టి తుడిచాను. చెయ్యి జారింది. ఎస్, సి, ఖాళీ, డిలీట్, ఖాళీ, దాని పేరు. ఎంటర్.

ఆపకుండానే తీశాను. చెయ్యి జారింది కాబట్టి ఆపడం గుర్తు లేదు.

స్పీకరు మీట పెంచి చూశాను. మాటకారి ఎప్పట్లాగే చదివింది. ఏమీ కాలేదనుకున్నాను. మీట తగ్గించాను. రెండోసారి కూడా చెయ్యి జారింది. ఈసారి వేరే వరస వచ్చింది, కుదరలేదని. అందులో 1072 అని ఒక అంకె ఉంది.

నల్ల కిటికీ మూసేశాను. ఏమీ కాలేదు కదా.

12వ తేదీ, బుధవారం

ఆ అంకె బుర్రలోంచి పోలేదు. కూరగాయలు తరుగుతూ, ఎవరిదో మిషనన్నట్టు అడిగాను. "ఏమండీ, ఒకదాన్ని తీస్తుంటే 1072 అని వస్తే ఏమిటి దానర్థం?"

ఆయన మొహం నా వైపు తిప్పారు. "తీసేయమని దాని మీద గుర్తు పడిపోయిందని. కాని ఆపకుండా తీశారు కాబట్టి అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. మిషను ఆపేదాకా బతుకుతుంది. ఆపితే పోతుంది. మళ్ళీ లేవదు."

"మళ్ళీ పుట్టించలేమా?"

"పుట్టించొచ్చు. అది ఎక్కడుందో అక్షరం పొల్లు పోకుండా తెలియాలి. అందుకే తీసేముందు చదవమంటాను." తర్వాత, "ఎవరి మిషను?" అన్నారు.

ఎవరిదో అన్నాను. ఆయన తల ఊపారు. "వాళ్ళకి చెప్పు, ఇప్పుడప్పుడే ఆపొద్దని."

సాయంత్రం రోజూ ఆయనే మిషను ఆపుతారు. నిన్న ఆపడం మర్చిపోయారు, ఇవాళ కూడా ఆపలేదు. ఏదో పెద్ద కాపీ జరుగుతోంది, అలా ఉండనివ్వమన్నారు. నేను తెర చూశాను. ఏ కాపీ లేదు. ఆయన మతిమరుపు నా అదృష్టం అనుకున్నాను.

13వ తేదీ, గురువారం

నడుస్తోంది.

15వ తేదీ, శనివారం

టీచరమ్మ ఫోను చేసి, పరీక్షలాగే ఆయనతో సాధన చేయించింది. ఆవిడ నీళ్ళు రాని ఇంటావిడలా చెడామడా తిడుతుంది. ఆయన ఓపికగా విని ఎక్కిస్తారు. మాటకారి చదువుతుంది, ఆయన సరిచూసుకుంటారు. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను.

నాతో పని చేసేటప్పుడు ఆయన పక్కకి వంగి, మెడ నా వైపు వాల్చి కూర్చుంటారు. ఆ మెడకి రోజూ రాత్రి కాపడం పెడతాను. ఇవాళ నిటారుగా కూర్చున్నారు. భుజాలు వెడల్పుగా ఉన్నాయి. అంత వెడల్పని మర్చిపోయాను.

అయిపోయాక ఆయన కుర్చీ వెనక్కి వాల్చి రెండు చేతులూ తలకింద పెట్టుకున్నారు. ఎవరూ చూడట్లేదనుకున్నారు. ఈల వేశారు. చూపు పోయాక ఆయన ఈల వేయడం నేను వినలేదు.

మిషనుకు ఏమీ కాకూడదు. ఇరవయ్యో తారీఖు దాకా కాకూడదు.

16వ తేదీ, ఆదివారం

కరెంటు ఒక్క క్షణం ఊగింది. దీపం ఆరి వెలిగినట్టయింది. ముందుగదిలోకి పరిగెత్తాను. నడుస్తోంది. అక్కడే ఆయన కూడా నిలబడి ఉన్నారు, చెయ్యి మిషను మీద పెట్టి, వేడి చూస్తున్నట్టు. ఏంటన్నారు. దుమ్ము తుడుద్దామని అన్నాను.

17వ తేదీ, సోమవారం

చెప్పేద్దామని వెళ్ళాను. ఆయన పక్కన కూర్చున్నాను. "ఏమన్నా చెప్పాలా?" అన్నారు. టీ పెట్టనా అని అడిగాను. పెట్టమన్నారు.

టీ మంచిగా కుదిరిందన్నారు.

19వ తేదీ, బుధవారం

రేపు. నడుస్తోంది. రేపు మధ్యాహ్నం పరీక్ష అయిపోయాక చెప్తాను. అప్పుడు తీరిగ్గా మళ్ళీ పుట్టించుకోవచ్చు. అప్పటికి ఎవరికీ నష్టం లేదు. ఎవరికీ ఏ నష్టం జరగనప్పుడు అది తప్పే కాదు.

20వ తేదీ, గురువారం

పది గంటలకు ఫోను అన్నారు. అత్తయ్య పొద్దున్నే ఆయన తెల్లచొక్కా తీసింది. ఫోనులో మాట్లాడేదానికి చొక్కా ఎవరు చూస్తారమ్మా అన్నారు ఆయన. నలిగిన చొక్కా వేసుకుంటే గొంతు కూడా నలిగే వస్తుందంది అత్తయ్య. నేను పెరట్లో ఉన్నాను, ఆయన స్నానానికి వెళ్ళారు. ఇస్త్రీపెట్టెకి మా గదిలో ప్లగ్గు పనిచేయక, అత్తయ్య ముందుగదిలో మిషను ప్లగ్గు పీకి ఇస్త్రీ పెట్టుకుంది.

నేను వచ్చేసరికి చొక్కా కూడా అయిపోయింది. ప్లగ్గు మళ్ళీ పెట్టేసింది. మిషను ఫ్యాను తిరుగుతోంది, తెర వెలిగింది. ఆయన కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఇంట్లో ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన. ఇంకే చప్పుడూ లేదు.

"ఏది రా మాటకారి?" అంది అత్తయ్య. "అలిగిందా?"

ఆయన మీటల మీద చేతులుంచి, మొహం గుమ్మం వైపు తిప్పారు. నా అడుగు విన్నట్టున్నారు.

"నేనే తీశాను," అన్నాను.

"ఏం తీశావ్?" అంది అత్తయ్య.

"గొంతుని. పోయిన వారం, మంగళవారం. కావాలనే తీశాను."

కావాలనే. ఈ మాట ఈ పుస్తకంలో కూడా ఇప్పుడే రాస్తున్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూసింది, కొడుకు మొహంలోకి చూసింది. ఆవిడ ఏదో అనబోయేలోపు ఆయన, "తెలుసు," అన్నారు. కోపంగా అనలేదు. మెత్తగానూ అనలేదు. "కుర్చీ లాక్కో. టైమెంతయింది?"

తొమ్మిదీ ఇరవై అన్నాను.

కుర్చీ లాక్కున్నాను. నల్ల కిటికీ తెరిచాను. టీచరమ్మ దాన్ని ఎక్కడ పెట్టిందో ఆయనకు సగం గుర్తుంది. ఆ ఫోల్డరులోకి వెళ్ళి లోపలివి చదవమన్నారు. నేను చదివాను.  నా నోట్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఆయన, "ఒక్కొక్కటి, ఒక్కొక్కటి," అన్నారు. మూడో ఫోల్డరులో దొరికింది. రెండుసార్లు చదివించుకున్నారు.

పుట్టించే మాట పొడుగు. ఎస్, సి, క్రియేట్, పేరు, ఆ తర్వాత అది ఉన్న దారంతా. కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టాను. ఆయన ఊఁ అన్నారు. నొక్కాను. పని కాలేదు, తెర నిండా ఏవేవో వరసలు గబగబా దిగాయి. 

"ఈక్వల్ గుర్తు తర్వాత ఏం కొట్టావు?"

"దారి."

"మధ్యలో?"

"ఏం లేదు."

"అక్కడ ఒక ఖాళీ వదలాలి. గుర్తుకి అంటించి రాస్తే దానికి అర్థం కాదు. గుర్తుకి ముందు వదలకు, తర్వాత వదులు."

మళ్ళీ మొదటినుంచీ కొట్టాను. అత్తయ్య చొక్కా చేత్తో పట్టుకుని నిలబడే ఉంది, మళ్ళీ నలుగుతోందని కూడా చూసుకోలేదు. మిషను లేచినప్పుడల్లా దానంతటది లేవాలని చివర ఇంకో ముక్క చేర్పించారు. అక్కడా ఒక ఈక్వల్, అక్కడా తర్వాత ఒక ఖాళీ. ఊఁ అన్నారు. అయిందని వచ్చింది. స్టార్ట్ అని కొట్టించారు. ఊఁ.

ఏమీ వినపడలేదు. కూర్చోగానే అలవాటుగా స్పీకరు మీట తిప్పేశానని అప్పుడు గుర్తొచ్చింది. తిప్పాను. మాటకారి తెర మీద చివరి వరస చదివింది.

"వచ్చిందా పెద్దమనిషి," అని అత్తయ్య కుర్చీలో కూలబడింది.

ఆయన చొక్కా వేసుకున్నారు. నేను గుండీలు పెట్టబోతే, నేను పెట్టుకుంటానన్నారు. "ఇద్దరూ బయటికెళ్ళండి. తలుపు వెయ్యండి."

నేనే వేశాను. ఫోను మోగడం తలుపు అవతల నుంచి వినపడింది.

21వ తేదీ, శుక్రవారం

పరీక్ష బాగానే చేశానని అత్తయ్యకు చెప్పారు. నాతో మాట్లాడలేదు.

22వ తేదీ, శనివారం

మాట్లాడలేదు. మెడకి కాపడం పెట్టబోతే అక్కర్లేదన్నారు. మాట్లాడినట్టే లెక్క.

అత్తయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. గిన్నెలు తోముతుంటే పక్కన వచ్చి కూర్చుని, "నేను ఊరికే వేళాకోళానికి అన్నానే, రెండో కోడలని," అంది. ఆ మాట నన్ను గుచ్చుతుందని ఆవిడకు తట్టలేదట. నాకు నోరుందని ఎవరికి మాత్రం తెలుసు. గిన్నె కడిగి బోర్లించాను.

23వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని పిలిచారు. ఒక మెట్టు కింద కూర్చున్నాను.

"రెండుసార్లు కొట్టావు," అన్నారు. "ఎంటర్ చప్పుడు వేరుగా ఉంటుంది. నువ్వు డిలీట్ అని కొట్టేటప్పుడు వేలు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. నేను ఊఁ అనలేదు కదా అనుకున్నా. మర్నాడు నువ్వు ఆ అంకె అడిగావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశా. కాపీ అని అబద్ధమాడి మిషను ఆపకుండా ఉంచా. రోజూ చూశా." మెట్టు అంచు వేలితో తడిమారు. "అదొక్కటే కాదు. పరీక్ష తప్పితే ఏమనుకుంటారో అని భయం నాకు. గొంతు ఆగిపోయి తప్పిపోయిందనుకో, ఆ తప్పు నాది కాదు. నీ మీద తోసేయొచ్చు. ఆ బుద్ధి కూడా పుట్టింది."

నేను ఏం చెప్పాలనుకున్నానో అది ఒక్కటే వచ్చింది. "అది వచ్చాక మీరు నాతో మాట్లాడరని."

"మనం మాట్లాడుకున్నామా ఇన్నాళ్ళూ?" అన్నారు. "నువ్వు అక్షరాలు చదివావు. నేను ఊఁ అన్నాను. నీ మాట ఒకటి నేను వినలేదు. గురువారం పొద్దున విన్నాను. అదీ ఎలాంటి మాట."

  ఎండ మెట్టు దిగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

26వ తేదీ, బుధవారం

ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు. అత్తయ్య ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. సంతోషమే. రెండోదేదో కూడా ఉంది, అది కూడా రాస్తున్నాను, దాచను.

1వ తేదీ, సోమవారం

పొద్దున టీచరమ్మ వచ్చి బస్సు దాకా తీసుకెళ్ళింది. ఇద్దరూ కర్రలతో తడుముకుంటూ మలుపు తిరిగేదాకా చూశాను. పగలంతా ముందుగది ఖాళీ. మాటకారి కూడా మూగదే, ఎవరూ ముట్టుకోలేదు కదా. దాని మీద గుడ్డ కప్పాను.

సాయంత్రం ఆయన ఒక్కరే వచ్చారు. కర్ర మెట్టుకి తగిలిన చప్పుడు వినపడగానే అత్తయ్య ఎదురెళ్ళింది. ఎంతమంది ఫోను చేశారు, ఎవరు తిట్టారు, కుర్చీ మెత్తగా ఉందా అని ఆవిడ అన్నీ అడిగింది. ఆయన చెప్పారు. తర్వాత అత్తయ్య లోపలికి వెళ్ళింది. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు, అలసిపోయి. చూపున్న రోజుల్లో ఇలాగే కూర్చునేవారు. అప్పుడు నేను కంచం పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని.

ఇవాళ కంచం పెట్టాను. పక్కకి వెళ్ళలేదు. చదవడానికి నా ముందు ఏ తెరా లేదు.  మొదటి మాట గొంతులోనే ఆగింది. రెండోసారి వచ్చింది.

"వీధి చివర ఇంటికి ఆకుపచ్చ రంగు వేస్తున్నారు," అన్నాను.

ఆయన చెయ్యి కంచం మీద ఆగింది. నేను ఇంకేమైనా అంటానేమోనని చూశారు. ఇంకేం లేదు నా దగ్గర. అంతే చెప్పాలనుకున్నాను.

"ఎలాంటి ఆకుపచ్చ?" అన్నారు.

నేను ఆలోచించాను. ఆకుపచ్చల్లో ఇన్ని రకాలుంటాయని అడిగేదాకా నాకు తట్టలేదు. "లేతాకు కాదు. పాత బస్సు సీట్లుంటాయి చూడండి, ఎండకి వెలిసిపోయి. అలాంటిది."

"అబ్బ. డబ్బులిచ్చి మరీ వేయించుకుంటున్నారా ఆ రంగు?"

"కిటికీలకి ఎరుపు."

"ఎరుపా," అని ఆయన మొహం చిట్లించారు, నిజంగా చూసినట్టు. "కూర్చో. ఆ ఇంటివాళ్ళు ఎవరు? మొదటినుంచీ చెప్పు."

కూర్చున్నాను. వాళ్ళెవరో చెప్పాను. వాళ్ళ కుక్క సంగతి చెప్పాను, రంగులో పడి సగం పచ్చగా తిరుగుతోందని. ఏ మాట తర్వాత ఏ మాటో తెలియక చాలాసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా ఆయన ఎదురుచూశారు. అన్నం చల్లారిపోయిందని లోపల్నుంచి అత్తయ్య కేకేసింది.

ఈ పుస్తకంలో రాసుకున్నవి చాలావరకు ఆయనకు చెప్పేశాను. చెప్పనివి చెప్తాను, కొన్ని రోజులు పడుతుంది. రేపు దీన్ని నేనే కాల్చేయాలి, బద్ధకిస్తే, మర్చిపోతే, ఇది మీ చేతికి దొరికితే, ఇంతవరకు చదివినవాళ్ళు చదివారు, ఇంకెవరికీ ఇవ్వకండి. పొయ్యిలో వేసి నిప్పు పెట్టండి. పదకొండో తారీఖు పేజీ పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడండి.